తగిలించినవాళ్ళే తీయాలి

వీధి మలుపులో, పళ్ళ దుకాణం పక్కన రోజూ పొద్దున్నే ఒక చిన్న దొంగతనం జరిగేది. దొంగ వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్. దొంగసొత్తు అతని మూడేళ్ళ కూతురి మూతికి కట్టిన పసుపు రంగు మాస్కు. మేడమీద వరండాలో నిలబడ్డ భార్య చూపు ఆ మలుపు దాకా వస్తుందని అతనికి బాగా తెలుసు. అందుకే అక్కడి దాకా తండ్రీకూతుళ్ళిద్దరూ మహా బుద్ధిమంతుల్లా నడిచి, అరటిగెలల చాటుకు రాగానే ఆగేవాళ్ళు. కూతురు తల పైకెత్తేది. తండ్రి ఈ చెవి నుంచీ ఆ చెవి నుంచీ తాళ్ళు తప్పించి, మాస్కును మడిచి చొక్కా జేబులో వేసుకునేవాడు.

"ఊపిరొచ్చింది," అనేది పిల్ల, నీళ్ళలోంచి తేలినట్టు.

"అమ్మకి చెప్పకు," అనేవాడు తండ్రి.

"నువ్వు కూడా అమ్మకి చెప్పకు," అని పిల్ల తండ్రిని తిరిగి హెచ్చరించేది.

సాయంత్రం అదే చోట దొంగసొత్తు యథాస్థానానికి చేరేది. దుకాణం మనిషి రెండు పూటలా ఈ తతంగం చూసి పళ్ళికిలించేవాడు. మెకానిక్ మొహమాటానికి పోయి రోజూ రెండేసి అరటిపళ్ళు కొనేవాడు. ఈ ఇంట్లో అరటిపళ్ళ వాడకం ఎందుకు పెరిగిందో భార్యకి ఎంతకీ అర్థం కాలేదు.

పిల్లకి పిడుగు అని పేరు పెట్టింది తాత. ఇంట్లో ఆ పేరు సరిగ్గా సరిపోయేది. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి నోటికి విశ్రాంతి ఉండేది కాదు. అలాంటి పిల్ల డేకేర్‌లో మాస్కు కట్టిన వారానికే మూగనోము పట్టింది. అక్కడి టీచరమ్మ ఆ మాట అతనితోనే చెప్పింది. "ఏదో అంటుంది, నాకు వినపడదు. మళ్ళీ చెప్పమంటాను. రెండుసార్లు చెబుతుంది, మూడోసారికి విసుగొచ్చి ఓ మూల కూర్చుంటుంది," అంది. ఆ సాయంత్రం పిల్ల అద్దం ముందు నిలబడి, "నాన్నా, నా మూతి ఏదీ?" అని అడిగింది. అడిగింది నవ్వుతూనే, కానీ అతను నవ్వలేకపోయాడు. మర్నాటి నుంచే అరటిగెలల చాటు కార్యక్రమం మొదలైంది.

అతను పిరికివాడు కాడు. ఎన్నో అంతస్తుల ఎత్తున, లిఫ్టు గొయ్యిలో ఒక్క ఇనుప తాడు పట్టుకుని వేలాడే మనిషి. కానీ భార్య ముందు నిలబడి "మన పిల్లకి మాస్కు వద్దు" అనడానికి మాత్రం నోరు రాలేదు. ఎందుకంటే ఆమెది చాదస్తం కాదు. భయం.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కిందటి చలికాలంలో పిడుగు డేకేర్ నుంచి జలుబు మోసుకొచ్చింది. పిల్లకి రెండ్రోజుల్లో తగ్గిపోయింది. ఆ జలుబు వెళ్ళి పక్కగదిలోని తాత గుండెల్లో కూర్చుంది. తాత అంటే ఆమె తండ్రి, మెకానిక్‌కి మామగారు. వాళ్ళతోనే ఉంటాడు. ఆసుపత్రిలో పెట్టిన గొట్టాలు, గాజుతలుపు అవతల ఆయన ఛాతీ ఎగిరెగిరి పడడం, ఇవన్నీ రోజులకి రోజులు బల్లమీద కూర్చుని చూసింది ఆమే. పిల్ల వల్లే అని కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అన్నాడు. కాదని కూడా అనలేదు. ఆమెకి ఆ రెండో ముక్కే వినపడింది. ఆయన ఇంటికి వచ్చిన రోజున ఆమె ఒక మాట గట్టిగా చెప్పేసింది. పిల్లకి మాస్కు ఉన్నన్నాళ్ళే తాత ఒళ్ళో పిల్ల. లేకపోతే తాత వెళ్ళి పెద్దకూతురింట్లో, అంటే ఆమె అక్క ఇంట్లో, ఉండాలి. అక్క ఇల్లు దూరం, అక్కడ చిన్నపిల్లలు లేరు, జలుబులు లేవు, పిడుగూ లేదు.

మామగారు ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు గడిపిన మనిషి. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నదో, ఎక్కడికి పోవుచున్నదో ఆయన చెబితే నిద్రపోతున్న ప్రయాణికుడు కూడా లేచి సంచి వెతుక్కునేవాడట. జబ్బు పడి లేచాక ఆ గొంతు అటక ఎక్కింది. "మంచి... నీళ్ళు... ఇవ్వమ్మా" అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. అలా ఆగడం నామోషీ అనిపించి, నలుగురి ముందు మాట్లాడడమే తగ్గించేశాడు.

ఊపిరితిత్తులు బాగుపడడానికి డాక్టరు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. అందులో పక్కపక్కనే మూడు గదులు, గదికో బంతి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు ఒక్కొక్కటే పైకి లేవాలి. మూడూ లేచి కాసేపు నిలబడితే ఊపిరి బాగున్నట్టు లెక్క. మామగారు మొదటి బంతిని ఎలాగో లేపేవాడు. రెండోది కొంచెం వణికి ఊరుకునేది. మూడోది ఆయన్ని అసలు పట్టించుకునేదే కాదు. "చంటిపిల్లల ఆట," అని దాన్ని కిటికీ గట్టుమీద పెట్టేశాడు. కూతురు వచ్చి పోరినప్పుడల్లా, "పీల్చానమ్మా" అని చేత్తో సైగ చేసేవాడు. ఆ సైగని ఆమె నమ్మేది కాదు.

ఇక ఆ ఇంటి వింత అలవాటు ఒకటి చెప్పాలి. ఒక సెలవురోజున మెకానిక్ పిల్లని వెంటబెట్టుకుని, ఆగిపోయిన లిఫ్టు ఒకటి చూడడానికి వెళ్ళాడు. పని మొదలుపెట్టే ముందు తలుపుకి ఎర్రబోర్డు తగిలించాడు. ఎందుకని పిల్ల అడిగింది.

"నాన్న లోపల పనిచేస్తుంటే ఎవరైనా తెలీక మీట నొక్కారనుకో, లిఫ్టు కదిలిపోతుంది. అందుకే ఈ బోర్డు. రిపేరులో ఉంది, ఎవరూ ఎక్కకూడదు అని."

"నేను తీసేస్తే?"

"నువ్వు కాదు, మా పెద్ద ఇంజనీరు వచ్చినా తీయకూడదు. ఎవరు తగిలిస్తే వాళ్ళే తీయాలి. అదీ రూలు."

ఇంతలో ఆ ఇంటివాళ్ళు పైనుంచి తొంగిచూసి, ఎప్పటికి బాగవుతుందని కేకేశారు. "పార్టు రావాలండీ," అన్నాడు మెకానిక్. ఏ లిఫ్టుకైనా అతని దగ్గర ఉండే జవాబు అదొక్కటే. పార్టు ఎప్పుడొస్తుందన్నది దేవుడికే తెలియాలి.

పిల్ల రెండు సంగతులూ శ్రద్ధగా వంటబట్టించుకుంది. బోర్డు ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో ఉతికి ఆరేసిన మాస్కులున్నాయి కదా. తాగడం ఇష్టంలేని పాలగ్లాసుకి మాస్కు తొడిగేది. "రిపేరు," అనేది. తల దువ్వించుకోవాలంటే బద్ధకం వేస్తే దువ్వెనకి మాస్కు. స్నానం చేయించబోతే చెంబుకి మాస్కు. తల్లి విసుక్కుని తీయబోతే, "నువ్వు తీయకూడదు! నేను తగిలించాను!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. తాత నవ్వేవాడు. నవ్వు దగ్గులోకి తిరిగేది. దగ్గు వినగానే తల్లి వేణ్ణీళ్ళకి పరిగెత్తేది. అక్కడితో పాలగ్లాసు గొడవ మరుగున పడేది.

రోజులిలా గడుస్తుండగా మళ్ళీ చలి మొదలైంది. డేకేర్‌లో ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. టీచరమ్మ ఒక సాయంత్రం తల్లిదండ్రులందరినీ పిలిపించింది.

పిల్లల కుర్చీలు తప్ప అక్కడ వేరే కుర్చీలు లేవు. పెద్దలంతా మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వాటిల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఆ భంగిమలో ఎంత పెద్దమనిషి కోపమైనా గంభీరంగా ఉండదు. పళ్ళ డాక్టరు ఒకాయన లేచి, తను రోజంతా మాస్కు పెట్టుకునే మనిషిననీ, ఆ బాధ తన కొడుక్కి వద్దనీ అన్నాడు. లేచినప్పుడు కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. బ్యాంకులో పనిచేసే తల్లి ఒకావిడ, "మీ వాడు తుమ్మితే మా అమ్మాయి మీద పడుతుంది. బాధ మీవాడిదే కాదు," అంది. కవలల తల్లి తను ఒకడికి పెట్టి ఒకడికి పెట్టకుండా పరీక్షించి చూశానంది. ఫలితం ఏమిటని అందరూ ఆత్రంగా ఆవిడ వైపు తిరిగారు.

"ఎవరికి పెట్టానో మధ్యలో మర్చిపోయానండీ. ఇద్దరూ ఒకేలా ఉంటారు," అందావిడ.

గది ఘొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక మెకానిక్ భార్య నెమ్మదిగా లేచింది. "మా ఇంట్లో పెద్దాయన ఉన్నారు. ఆయన ఊపిరితిత్తులు ఇంకో జలుబుని తట్టుకోలేవు. అందుకే మా పిల్ల రోజంతా మాస్కు పెట్టుకునే ఉంటుంది. ఏం ఇబ్బంది లేదు. కావాలంటే టీచరమ్మగారినే అడగండి," అంది.

మెకానిక్ ఆ చిన్న కుర్చీలో ఇంకాస్త ముడుచుకున్నాడు. టీచరమ్మ కాసేపు గోడమీద అతికించిన కాగితం చేపల్ని పరీక్షగా చూసింది. పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. కవలల తల్లి ఉన్నట్టుండి తన చేతిసంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఎవరూ నోరు విప్పలేదు. అందరూ మర్యాదస్థులు.

"సరే, వినండి," అంది టీచరమ్మ చివరికి. "సోమవారం నుంచి రెండు గదులు చేస్తాను. మాస్కు పెట్టుకునే పిల్లలు ఒక గదిలో, పెట్టుకోనివాళ్ళు ఇంకో గదిలో. మీకేది కావాలో మీరే చెప్పండి. కానీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఒక్క మాట అనుకుని చెప్పండి. తల్లి మాట ఒకటి, తండ్రి మాట ఒకటి అయితే మధ్యలో నా వల్ల కాదు." ఆఖరి మాట అంటున్నప్పుడు ఆమె చూపు మెకానిక్ మీద అవసరం కంటే కాస్త ఎక్కువసేపు నిలిచింది.

ఇంటిదాకా భార్య రెండడుగులు ముందే నడిచింది. వస్తూనే, తను డేకేర్‌కి చేరేలోపు భర్త గుట్టుగా మళ్ళీ కట్టిన మాస్కుని పిల్ల మూతి నుంచి విప్పి దీపం వెలుతురులో పట్టుకుంది. రోజంతా కళ్ళజోళ్ళ మీది వేలిముద్రలు తుడిచే మనిషి. మరక ఎంత చిన్నదైనా ఆమె కంటపడకుండా పోదు. పొద్దున తను చేసిన ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు. లోపలివైపు ఉమ్మితడి లేదు. తాడు దగ్గర మాత్రం నల్లటి బొటనవేలి ముద్ర ఒకటి, లిఫ్టు గ్రీజుతో వేసింది, నిక్షేపంగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

అతను ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత ఇక లాభం లేదని తెలిసి అంతా చెప్పేశాడు. పిల్ల మాట పడిపోవడం, మూలన కూర్చోవడం, అద్దం ముందు అడిగిన ప్రశ్న, అన్నీ. "నువ్వు చూడలేదు కాబట్టి. చూస్తే నీ చేత్తో నువ్వే తీసేదానివి," అన్నాడు.

"అయితే నాకు చెప్పాలి. ఎవరు తగిలిస్తే వాళ్ళే తీయాలని మీరే కదా ఊరందరికీ పాఠాలు చెబుతారు? ఈ మాస్కు తగిలించింది ఎవరు? తీసింది ఎవరు?"

లిఫ్టు గొయ్యిలో ఉన్నప్పుడు పైన ఎవరో బోర్డు తీసేస్తే ఎలా ఉంటుందో అతనికి తెలియనిది కాదు.

"ఆసుపత్రిలో నాన్నకి మాట రాలేదు. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో వేలితో రాశాడు," అంది ఆమె. "ఏం రాశాడో తెలుసా? పిడుగుకి జలుబు తగ్గిందా అని. ఇవాళ డేకేర్‌లో అందరికీ తెలుసు కదా, నా పిల్ల మూతికి ఏమీ లేదని? నేనొక్కదాన్నే వెర్రిదానిలా నిలబడి గొప్పలు చెప్పాను."

"తప్పే," అన్నాడు అతను.

అప్పటికే మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మీ ఇద్దరూ నా మూలంగా కీచులాడుకోవద్దు, ఆదివారం పెద్దదాన్ని కారు తీసుకుని రమ్మంటాను, నేను వాళ్ళింటికి వెళ్ళిపోతాను, మీరు పిల్లకి ఏ గది కావాలంటే ఆ గది చూసుకోండి," అన్నాడు. ఆ మాట విన్న బాధలో, అంత పొడుగు మాట ఆయన ఎలా అన్నాడన్నది భార్యాభర్తలిద్దరికీ తట్టలేదు. ఆయన లోపలికి వెళ్ళి మంచం కింది పెట్టె బయటికి లాగాడు.

తర్వాతి రెండు రోజులూ ఇంట్లో పింగాణీ సామాను సర్దుతున్నట్టు అందరూ జాగ్రత్తగా తిరిగారు. మెకానిక్‌కి మామగారంటే వట్టి గౌరవం కాదు, ఇష్టం. సాయంత్రం పని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, ఆ రోజు ఏ లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో చెబితే కడుపుబ్బ నవ్వే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. వెళ్ళొద్దని అడగాలని రెండుమూడుసార్లు ఆయన గది దాకా వెళ్ళాడు. ఏ మొహంతో అడగాలి? మాస్కు పెట్టిస్తానంటే పిల్ల మాట పోతుంది. పెట్టించనంటే మామగారి ఊపిరికి పూచీ ఎవరు? ఎటూ పాలుపోక వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం వదినగారు వస్తానంది. భార్య వంటింట్లో తండ్రి మందుబిళ్ళలు వేటికవి కాగితం సంచుల్లో కడుతోంది. మెకానిక్ వరండాలో ఆరిన బట్టలు తీసి లోపలికి తెచ్చాడు. అంతలో తాత గదిలోంచి ఒక గొంతు వినిపించింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మొదటి, రెండవ, మూడవ నంబరు లిఫ్టులు మరికొద్దిసేపట్లో పై అంతస్తుకు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నవి. తలుపులు మూసుకొనుచున్నవి. చేతులు, తలలు, బొమ్మల తోకలు బయట పెట్టరాదు."

ఒక్క ఊపిరిలో. ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఆగకుండా.

భార్య చేతిలో మందు సంచి అలాగే ఉండిపోయింది. ఆ గొంతు విని ఏడాది కావస్తోంది. తిరిగి వింటానన్న ఆశ ఆమెకి లేదు. భార్యాభర్తలిద్దరూ చప్పుడు చేయకుండా వెళ్ళి తలుపు సందులోంచి చూశారు.

తాతా మనవరాలూ నేలమీద ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో డాక్టరు ఇచ్చిన మూడు బంతుల డబ్బా. పిడుగు గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు లోపలికి పోయేలా పీల్చింది. ఒక బంతి లేచి టక్కున పడింది. "ఒక్క లిఫ్టే వచ్చింది," అని పెదవి విరిచి, గొట్టాన్ని గౌనుకి ఒకసారి రాసి, అదే గొట్టం తాత నోటికి అందించింది. "ఇప్పుడు నువ్వు. మూడూ రావాలి. మధ్యలో ఆగితే లోపల జనం ఏడుస్తారు."

తాత కళ్ళు మూసుకుని పీల్చాడు. ఒక బంతి లేచింది. రెండోది లేచింది. ఎప్పుడూ ఆయన్ని పట్టించుకోని ఆ మూడో బంతి కూడా మెల్లగా కదిలి, మిగతా రెండింటి పక్కకి వెళ్ళి పైకప్పుకి ఆనుకుని నిలబడింది.

"వచ్చేసింది! పై అంతస్తు వచ్చేసింది! జనం దిగండి!" అని పిడుగు గెంతింది.

భార్య తలుపు తోసింది.

"ఒకే గొట్టమా?" అంది.

తాత దొరికిపోయిన బడిపిల్లాడిలా గొట్టం వెనక్కి దాచుకున్నాడు. "అది... లిఫ్టు మెకానిక్ కూతురు కదమ్మా. డబ్బా చూడగానే లిఫ్టులన్నది. వంతులేసుకుని ఆడాలన్నది."

"ఎప్పట్నించి?"

"వానలు మొదలైనప్పట్నించి. మీరిద్దరూ పొద్దున హడావిడిలో ఉన్నప్పుడు కాసేపు, సాయంత్రం కాసేపు. డాక్టరు చెబితే విసుగ్గా ఉండేదమ్మా. ఇది చెబితే మాత్రం వినకపోతే ఊరుకోదు. లిఫ్టులో జనం ఉన్నారంటుంది."

ఆమె గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది. "నేను రోజూ ఆ మాస్కులు వేణ్ణీళ్ళలో వేసి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి..." అంటూండగానే నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. ఆగకుండానే ఏడుపుగా మారింది. మెకానిక్ పక్కన కూర్చున్నాడు గానీ భుజం మీద చెయ్యి వేయడానికి ధైర్యం చాల్లేదు. అతని తప్పు ఇంకా అలాగే ఉంది. అప్పుడు పిడుగు వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుని, "నీకు కూడా లిఫ్టు కావాలా?" అని అడిగింది.

"దీనికి ఏ రోజైనా జలుబు ఉండి ఉంటే?" అంది ఆమె కళ్ళు తుడుచుకుని, తండ్రిని చూసి. నవ్వినంత మాత్రాన ఆ భయం పోలేదు.

"ఉండి ఉంటే నా పని అయిపోయేది," అన్నాడు తాత తాపీగా. "నీ భయం తప్పని నేననను. కానీ ఒక్కణ్ణే పీల్చుకుంటూ కూర్చుంటే ఆ మూడోది లేచేది కాదు. అది కూడా చూడు మరి." డబ్బాని పక్కకి జరిపి, "సరే, ఇప్పుడు అవన్నీ ఎందుకు? రేపు సోమవారం. మీ గది సంగతి మీరు తేల్చుకోండి. నేనుంటే మీకు అది తేలదు," అని మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు.

కింద కారు హారన్ మోగింది. వదినగారు ఏ పనైనా చకచకా చేసే మనిషి. మెట్లెక్కుతూనే, "నాన్నా, మందులు పెట్టావా? చీకటి పడకముందే వెళ్ళిపోవాలి," అంటూ లోపలికి వచ్చింది. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి పెట్టె పట్టుకోబోయింది.

పెట్టె పిడికి పసుపు రంగు మాస్కు ఒకటి వేలాడుతోంది. రెండు తాళ్ళూ పిడి చుట్టూ తిప్పి, చిన్న చేతులకి చేతనైనన్ని ముళ్ళు వేసి ఉన్నాయి.

"ఇదేమిటే, దీనికి కూడా జలుబా?" అని వదినగారు ముడి విప్పబోయింది.

"ముట్టుకోకు!"

అరిచింది పిడుగు కాదు. పిడుగు తల్లి. మెకానిక్ కూడా అరవబోయాడు గానీ ఆమే ముందు అరిచేసింది. వదినగారు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తాత పెట్టె రిపేరు," అంది పిడుగు, పెట్టెకి అడ్డంగా నిలబడి. "ఎవరూ ఎక్కకూడదు."

"బాగుంది సంబడం! నువ్వే విప్పు, నువ్వు కట్టిందే కదా," అంది పెద్దమ్మ.

పిడుగు కదల్లేదు. తల్లి వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "తగిలించినవాళ్ళే తీయాలి అక్కా. ఇక్కడ అదే రూలు," అంది అక్కతో. తర్వాత కూతురి మొహంలోకి చూసి, "ఎప్పుడు తీస్తావే?" అని అడిగింది. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆమె గొంతులో తీయమన్న కోరిక ఇసుమంతైనా లేదు.

"రిపేరు అయ్యాక."

"ఎప్పటికవుతుంది?"

పిడుగు ఒకసారి తండ్రి వైపు చూసింది. అతను గోడవైపు తిరిగి పెదవి కొరుక్కుంటున్నాడు.

"పార్టు రావాలి," అంది పిడుగు.

తాత నవ్వాడు. గదంతా మోగేలా నవ్వాడు. అందరూ అలవాటు ప్రకారం ఆ నవ్వు దగ్గులోకి తిరగడం కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. తిరగలేదు. నవ్వు దాని పాటికది పూర్తయి ఆగిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని పెద్దకూతురితో, "పెట్టె లేకుండా ఎట్లా వస్తానమ్మా? వచ్చినదానివి కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి పిల్లని డేకేర్‌కి తీసుకెళ్ళారు. అరటిగెలల దగ్గర దుకాణం మనిషి ముగ్గురినీ చూసి బిక్కచచ్చిపోయాడు. టీచరమ్మ అడగకముందే భార్య చెప్పేసింది. ఎవరికైనా తుమ్ములూ దగ్గులూ ఉన్నాయని కబురొచ్చిన రోజుల్లో తన చేత్తో తనే మాస్కు కట్టి, పెట్టుకునే గదిలో దించుతుంది. అవి తగ్గాయన్నాక తన చేత్తో తనే విప్పుతుంది. మిగతా రోజుల్లో పిల్ల మూతి పిల్లదే. ఇంటికి రాగానే కాళ్ళూ చేతులూ కడగనిదే తాత గది గడప తొక్కకూడదు. మెకానిక్ పక్కనే నిలబడి ప్రతి మాటకీ తలూపాడు. ఆ రోజు తుమ్మేవాళ్ళెవరూ రాలేదని చెప్పి టీచరమ్మ మాస్కు పెట్టుకోని గది తలుపు తీసింది. సాయంత్రానికల్లా పిడుగు గోల భరించలేకుండా ఉన్నామని కవలలు వాళ్ళమ్మకి ఫిర్యాదు చేశారు.

ఆ రోజే భార్య దుకాణం నుంచి వస్తూ మందుల షాపులో మూడు బంతుల డబ్బా ఇంకొకటి కొనుక్కొచ్చింది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఆ గదిలో ఆరు లిఫ్టులు తిరుగుతున్నాయి. ఎవరి గొట్టం వాళ్ళదే.

పెట్టె మంచం కిందే ఉంది. పసుపు రంగు మాస్కు పిడికి అలాగే వేలాడుతోంది. ఊడ్చేటప్పుడు భార్య దాన్ని తగలకుండా చీపురు పక్కకి తిప్పుతుంది. పార్టు ఇంకా రాలేదు.